మూడు కుర్చీలు, ఒక స్కేలు: గంట స్తంభం దగ్గరి రాత్రి ఇంగ్లీషు క్లాసు

కిందటి వేసవిలో బరంపురం ఖాతాదారు ఒకాయనకు ఫోనులో ఇంగ్లీషు సందేశం పంపాను. "వుయ్ విల్ సెండ్ యు టు పార్సిల్ టుమారో." బరంపురంలో తెలుగు వచ్చినవారు బోలెడు మంది ఉన్నారు గానీ, నాకు తగిలినాయనకు ఒడియా, ఇంగ్లీషు తప్ప మరొకటి రాదు. పది నిమిషాలకు జవాబు వచ్చింది. ముందు ఒక నవ్వు బొమ్మ, దాని కింద ఒక ప్రశ్న: నన్ను పార్సిల్ దగ్గరకు పంపేటట్టయితే దారిఖర్చులు ఎవరివి మేడమ్ అని. మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాక్యంలో ఉన్న మాటలన్నీ నాకు తెలిసినవే. ఒక్క స్పెల్లింగు కూడా తప్పు లేదు. మరి ఎక్కడ తిరగబడింది?

మాది విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పార్సిల్ బుకింగ్ కౌంటరు. పద్దెనిమిదేళ్లుగా నేనూ మా ఆయనా కలిసి నడుపుతున్నాం. భీమాళి మామిడి తాండ్ర, హాస్టళ్లలో ఉన్న పిల్లలకు వెళ్లే పచ్చళ్లు, పెళ్లి శుభలేఖలు, ఏడాదికి రెండు మూడుసార్లు బొబ్బిలి వీణ. వీణ వచ్చిన రోజు ప్యాకింగు ఎవరికీ అప్పగించను, నేనే కూర్చుని చేస్తాను. పనస కర్ర గట్టిదే గానీ మెడ దగ్గర నాకు ఎప్పుడూ భయమే. చదివింది తెలుగు మీడియం డిగ్రీ. ఇంగ్లీషు చదవగలను, వింటే ముప్పాతిక అర్థమవుతుంది, రాయబోతే ఇదిగో, ఖాతాదారులనే పార్సిల్ చేస్తాను.

ముందు ఫోనులో ఒక నేర్చుకునే యాప్ కొన్నాను. పేరు చెప్పను. ఏడాదికి 2,400 రూపాయలు. అందులో ఒక బొమ్మ అమ్మాయి చేతులు ఊపుతూ, క్రియ ప్రభావం నేరుగా పడేది డైరెక్ట్ ఆబ్జెక్ట్, పరోక్షంగా పడేది ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ అని చెప్పింది. ఇంగ్లీషు పేరుకు తెలుగు అర్థం చెప్పి అదే నిర్వచనం అంటే ఎలాగ? తర్వాత ఇరవై ప్రశ్నలు. ఇరవైకి పదిహేడు మార్కులు వచ్చాయి, నక్షత్రాలు రాలాయి. మర్నాడు కౌంటరులో మళ్లీ అదే తప్పు రాశాను. మార్కులు వచ్చింది నాకు వ్యాకరణం అర్థమై కాదు, ప్రతి ప్రశ్నలోనూ మనిషి పేరు ఇన్‌డైరెక్ట్, వస్తువు పేరు డైరెక్ట్ కాబట్టి.

సెప్టెంబరులో పచ్చళ్ల పార్సిల్ వేయడానికి వచ్చిన ఒక అమ్మ ఈ క్లాసు సంగతి చెప్పారు. గంట స్తంభం దగ్గర ఒక సందులో, బట్టల దుకాణం మేడ మీద. చెప్పేది జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మాస్టారు. ఆరు వారాలు, సోమవారం నుంచి శుక్రవారం వరకు, రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర. ఫీజు 1,800, జెరాక్స్ కాగితాలకు మరో 150. పెద్దవాళ్లకే చెబుతారు. మా బ్యాచ్‌లో మందుల దుకాణం కుర్రాడు, నర్సింగ్ చదివే అమ్మాయిలు ఇద్దరు, సచివాలయ ఉద్యోగి ఒకరు, జ్యూట్ మిల్లులో పనిచేసి మానేసిన పెద్దాయన ఒకరు ఉన్నారు. పెద్దాయనకు అమెరికాలో మనవడు. వాడికి తెలుగు రాదు, తాతకు ఇంగ్లీషు రాదు, వీడియో కాల్‌లో ఇద్దరూ చేతులు ఊపుకుంటారట. పన్నెండు మందిని మించి తీసుకోం అని చెప్పి ఇరవై ఇద్దరిని కూర్చోబెట్టారు. ఇది మొదటి ఫిర్యాదు, మిగతావి తర్వాత.

మొదటి వారం కర్త, క్రియ. చప్పగా గడిచింది, దాని గురించి రాసేదేమీ లేదు. రెండో వారం మంగళవారం మాస్టారు నల్లబల్ల మీద "కర్మ" అని రాయగానే మిల్లు పెద్దాయన "నా కర్మ" అని గొణిగారు, గది అంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వి, "మీ కర్మ ఒకటే కాదండి, రెండున్నాయి" అని, ప్రత్యక్ష కర్మ (ఇచ్చే వస్తువు), పరోక్ష కర్మ (అది అందుకునేవారు) అని రెండుగా చీల్చి రాశారు. తర్వాత అందరినీ ఏమి పని చేస్తారని అడిగారు. నా వంతు వచ్చినప్పుడు పార్సిల్ కౌంటరు అన్నాను. "అమ్మా, రేపు మీ బుకింగ్ రసీదు ఒకటి, తాండ్ర ప్యాకెట్ ఒకటి పట్టుకురండి" అన్నారు. తాండ్ర ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు బల్ల ముందు మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మొదటి కుర్చీలో నేను. దానికీ రెండో కుర్చీకీ మధ్య తానే నిలబడ్డారు. "నేను క్రియను. నా పేరు సెంట్." రెండో కుర్చీలో నర్సింగ్ అమ్మాయి, మూడో కుర్చీలో తాండ్ర ప్యాకెట్. ఎడమ నుంచి కుడికి చదవమన్నారు. "ఐ సెంట్ హర్ ఎ ప్యాకెట్." నేను పంపాను, ఆమెకు, ప్యాకెట్.

"ఇక్కడ మన 'కు' ఎక్కడుంది?" అని అడిగారు. అందరం వెతికాం. లేదు. "హర్"లోనూ లేదు, "ప్యాకెట్"లోనూ లేదు. "కుర్చీలో ఉంది" అన్నారు ఆయన. క్రియకు ఆనుకుని ఉన్న ఆ రెండో కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లకు కు అంటుకుంటుంది. ఇంకేమీ తగిలించనక్కరలేదు.

అప్పుడు అమ్మాయిని లేపి, ప్యాకెట్‌ను రెండో కుర్చీలో పెట్టి, అమ్మాయిని చివరి కుర్చీలోకి పంపారు. ఇప్పుడు చదవమంటే మందుల దుకాణం కుర్రాడు "ఐ సెంట్ ఎ ప్యాకెట్ హర్" అన్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపి, బల్ల మీది పొడుగు స్కేలు తీసి అమ్మాయి చేతికిచ్చారు. "ఇది టు. ముందు కుర్చీ వదులుకుని వెనక్కి వెళ్లిన మనిషికి ఊతకర్ర కావాలి." ఐ సెంట్ ఎ ప్యాకెట్ టు హర్. ముందు కుర్చీలో ఉంటే కర్ర అక్కరలేదు, వెనక్కి వస్తే కర్ర లేకుండా నిలబడలేదు. రెండూ ఒకేసారి కుదరవు.

నాకు ఒక్కసారిగా బరంపురం గుర్తొచ్చింది. లేచి, నేనే అమ్మాయిని తిరిగి రెండో కుర్చీలో కూర్చోబెట్టి, ప్యాకెట్‌ను మూడో కుర్చీలో పెట్టి, స్కేలు తీసి ప్యాకెట్‌కు ఆనించాను. "ఇలా అయితే ఏమవుతుంది మాస్టారూ?" ఆయన చదివారు: "సెంట్ హర్ టు ఎ ప్యాకెట్. అమ్మాయిని ప్యాకెట్ దగ్గరకు పంపేశారు తల్లీ!" గది గొల్లుమంది. అప్పుడు నా సందేశం కథ చెప్పక తప్పలేదు. నాలుగు నెలలుగా నన్ను పీడించిన ప్రశ్న అక్కడ, రెండు నిమిషాల్లో, ఒక చెక్క స్కేలుతో తేలిపోయింది. నేను కర్రను మనిషికి బదులు సామానుకు ఇచ్చాను, అంతే.

ఆ తర్వాత ఆయన చెప్పినదే ఈ క్లాసు మొత్తంలో అసలు సరుకు అని నేను అనుకుంటాను. తెలుగులో మాట తన చీటీ తానే తగిలించుకుని తిరుగుతుంది. "నేను సిస్టరుకు ప్యాకెట్ పంపాను", "ప్యాకెట్ సిస్టరుకు పంపాను నేను", "పంపాను సిస్టరుకు నేను ప్యాకెట్". ఎలా తిప్పినా అందుకునేది ఆ అమ్మాయే. ఇంకా గమ్మత్తు, తాండ్రకు మనం 'ని' కూడా పెట్టం. ప్రాణం లేనిది కాబట్టి "ప్యాకెట్ పంపాను" అంటే చాలు. మనిషి అయితేనే ని తప్పదు. "సిస్టరుకు పంపాను", "సిస్టరును పంపాను" అనే రెండింటికీ ఒక్క అక్షరమే తేడా, అర్థంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత. ఇంగ్లీషులో ఆ రెండుచోట్లా "హర్" ఒకటే. అందుకని అక్కడ స్థానమే చీటీ. సచివాలయ ఉద్యోగి వెంటనే, "అయితే మా ఆఫీసు లాంటిదన్నమాట. మనిషి ఎవరైనా కుర్చీని బట్టే సంతకం" అన్నారు. ఆ పోలిక మాస్టారుకు ఎంత నచ్చిందంటే, మిగిలిన నాలుగు వారాలూ అదే వాడుకున్నారు.

ఇంకొక చిన్న సంగతి అదే రోజు తెలిసింది. సామాను బరువైనదైతే చివరి కుర్చీలో హాయిగా ఉంటుంది, "ఇట్" లాంటి తేలిక మాట అయితే ముందుకు దూకుతుంది. "గివ్ ఇట్ టు మి" అంటారు. "గివ్ మి ఇట్" కొన్నిచోట్ల వినబడుతుంది గానీ మనం రాతలో పెట్టకపోవడమే మేలని సలహా.

మూడో వారంలో ఒక రోజంతా "చెప్పు" అనే క్రియ మీదే గడిచింది. నాకు అన్నిటికంటే నచ్చిన రోజు అది. మనకు చెప్పడం ఒక్కటే. "నాకు ధర చెప్పింది", "నాకు వివరించి చెప్పింది", "నాకు పాఠం చెప్పింది", అన్నీ చెప్పడమే, అన్నిటికీ నాకు అనే మాటే. ఇంగ్లీషులో ఈ చెప్పడానికి నాలుగు వేరు వేరు గుణాల మనుషులు. టెల్, టీచ్ మనల్ని పిలిచి ముందు కుర్చీ వేస్తాయి: "షి టోల్డ్ మి ద రేట్", "షి టాట్ మి గ్రామర్". సే, ఎక్స్‌ప్లెయిన్ ఆ కుర్చీ ఇవ్వవు. "షి సెడ్ మి" తప్పు, "షి ఎక్స్‌ప్లెయిన్డ్ మి ద డోస్" తప్పు. కర్ర పట్టుకుని వెనక నిలబడాలి: "ఎక్స్‌ప్లెయిన్డ్ ద డోస్ టు మి". ఇది విని మందుల దుకాణం కుర్రాడి ముఖం పాలిపోయింది. ఎనిమిదేళ్లుగా మందుల కంపెనీ వాళ్లు వచ్చినప్పుడల్లా "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మి" అంటున్నాడట. వాళ్లూ అలాగే అంటారు బాబూ, బెంగపడకు అని మాస్టారు ఓదార్చారు. డిస్క్రైబ్, సజెస్ట్, ఇంట్రడ్యూస్, డొనేట్ కూడా ఇదే కోవ.

మన 'కు' చేసే మరొక మోసం కొనుగోళ్లలో బయటపడింది. "అమ్మకు చీర కొన్నాను" అంటాం కదా. అదే పట్టుకుని "బాట్ ఎ శారీ టు మై మదర్" అని రాస్తే తప్పు. ఇక్కడ కర్ర వేరు: ఫర్. "బాట్ మై మదర్ ఎ శారీ" లేదా "బాట్ ఎ శారీ ఫర్ మై మదర్". బయ్, మేక్, కుక్, గెట్, బుక్ ఈ ఇంటివి. గివ్, సెండ్, షో, లెండ్, పే, టెల్ టు ఇంటివి. గుర్తుపట్టడానికి మాస్టారు చెప్పిన చిట్కా: తెలుగులో 'కు' తీసి 'కోసం' పెట్టి చూడండి. "అమ్మ కోసం చీర కొన్నాను" సాఫీగా వస్తే ఫర్. "అమ్మ కోసం చీర ఇచ్చాను" అంటే చెవికి తగులుతుంది, అక్కడ టు. ఇది అన్నిచోట్లా పనిచేస్తుందని నేను పందెం కాయను గానీ, నా కౌంటరు అవసరాలకు ఇంతవరకు తప్పలేదు.

కు ఉన్నచోటల్లా టు వేసే అలవాటు కూడా కొంత వదిలింది. "విశాఖకు చేరింది" అంటే "రీచ్డ్ విశాఖ", మధ్యలో ఏమీ లేదు. "ఆయనకు ఫోన్ చేశాను" అంటే "కాల్డ్ హిమ్". ఈ రెండూ నేను రోజుకు ముప్ఫైసార్లు రాసే మాటలు. రెండూ పద్దెనిమిదేళ్లుగా తప్పు రాశాను.

నాలుగో వారం జెరాక్స్ అభ్యాసాల దగ్గర మాస్టారుకూ నాకూ చిన్న పేచీ వచ్చింది. "ఐ సెంట్ ద పార్సిల్ టు పలాస." ఇందులో పరోక్ష కర్మ ఏదో గీత గీయమన్నారు. కాగితం వెనక జవాబు: పలాస. నేను ఒప్పుకోలేదు. పార్సిల్ వృత్తిలో ఊరు వేరు, మనిషి వేరు. మా రసీదులో అందుకునేవారి పేరుకు ఒక గడి, చేరవలసిన ఊరికి ఇంకొక గడి. ఊరి పేరు రాసి మనిషి పేరు వదిలేస్తే ఆ సామాను గోడౌనులో పడి ఉంటుంది, తీసుకోవడానికి ఎవరూ రారు. "పలాస తీసుకోదు మాస్టారూ, పలాసలో ఉన్న మనిషి తీసుకుంటారు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "కుర్చీ పరీక్ష పెడదాం" అన్నారు. "ఐ సెంట్ పలాస ద పార్సిల్." పలాసను ముందు కుర్చీలో కూర్చోబెడితే వాక్యం నడవలేదు. పలాస అంటే అక్కడి మా బ్రాంచి వాళ్లు అనుకుంటే నడుస్తుంది, వట్టి ఊరు అనుకుంటే నడవదు. కాబట్టి పలాస చోటు మాత్రమే, పరోక్ష కర్మ కాదు. అందరి కాగితాల మీదా ఆ జవాబు కొట్టేయించారు. అరవై దాటిన మనిషి, ఇరవై మంది ముందు, ఒక పార్సిల్ కౌంటరు ఆవిడ మాటకు తన కాగితం దిద్దుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. కానీ తర్వాతి బ్యాచ్‌కు కూడా అదే పాత జెరాక్స్ పంచారని నర్సింగ్ అమ్మాయి చెప్పింది. గౌరవం అలాగే ఉంది, 150 రూపాయల మీద మాత్రం చికాకు కలిగింది.

ఇక మిగతా ఫిర్యాదులు. జెరాక్స్‌లు వెలిసిపోయి ఉంటాయి, రాత్రి ట్యూబులైటు కింద సగం అక్షరాలు ఊహించుకోవాలి. రెండు ఫ్యానుల్లో ఒకటి తిరగదు. మాస్టారుకు ఫోన్ వస్తే పాఠం మధ్యలోనే మాట్లాడతారు, అదీ పెద్ద గొంతుతో. వాళ్ల అల్లుడి ఇల్లు ఎంతవరకు కట్టారో మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. పైడితల్లి అమ్మవారి పండుగలో తొలేళ్లు, సిరిమాను రెండు రోజులూ సెలవు. దానికి నేను ఏమీ అనను. అమ్మవారి పండుగ నాడు ఆ సందులోకి స్కూటీ కాదు కదా, మనిషే దూరలేడు, దూరినా క్లాసుకు వెళ్లే మనసు ఎవరికుంటుంది? కానీ ఆ రెండు క్లాసులూ తర్వాత ఎక్కడా కలపలేదు. దాని దెబ్బ ఆఖరి వారం మీద పడింది.

ఆఖరి వారం కర్మణి వాక్యాలు, అంటే పాసివ్ వాయిస్. "ఐ వాజ్ గివెన్ ఎ రిసీట్" అనే వాక్యం బల్ల మీద రాసి ఇరవై నిమిషాల్లో ముగించారు. ఇది నాకు పెద్ద అన్యాయంగా అనిపించింది. ఎందుకంటే తెలుగువాడికి ఇదే అసలైన కొరకరాని కొయ్య. "నాకు రసీదు ఇచ్చారు" అనే వాక్యంలో 'నాకు' ఎప్పటికీ 'నేను' కాదు. ఇంగ్లీషులో పరోక్ష కర్మ లేచి వెళ్లి కర్త కుర్చీలో కూర్చుంటుంది! "రసీదు ఇవ్వబడ్డాను" అని తెలుగులో ఎవరైనా అంటే ఆసుపత్రికి తీసుకెళ్తాం. అలాంటి విడ్డూరానికి ఇరవై నిమిషాలా? ఎక్స్‌ప్లెయిన్ లాంటి క్రియలకు ఈ సౌకర్యం కూడా లేదని, "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్" అంటే నన్నే ఎవరో వివరించినట్టని తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే చెప్పారు. బల్ల మీద చెప్పవలసిన మాట అది.

ఎక్స్‌ప్లెయిన్‌కు ముందు కుర్చీ ఎందుకు లేదు అని రెండు వారాలు అడిగాం. "ఇదంతే, కంఠతా పట్టండి" అనేవారు. ఆఖరి రోజు, టీలు వచ్చాక, తీరిగ్గా చెప్పారు. గివ్, సెండ్, టెల్, టీచ్ లాంటివి ఇంగ్లీషులో పాత ఇంటి మనుషులు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, డొనేట్ లాటిన్ నుంచి దిగినవి. వచ్చినవాళ్లు చాలావరకు ఆ ముందు కుర్చీ పద్ధతి నేర్చుకోలేదు. అయితే ఆఫర్, ప్రామిస్ కూడా లాటిన్ మూలాలవే, అవి మాత్రం దర్జాగా కుర్చీ వేస్తాయి. కాబట్టి ఇది సూత్రం కాదు, వాలు మాత్రమే. ఇంకొక మాట చెప్పారు, దానికి నేను టీ తాగడం మరిచిపోయాను. వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషుకూ మనలాగే విభక్తి ప్రత్యయాలు ఉండేవి. "అతనిని" అనడానికి హినె, "అతనికి" అనడానికి హిమ్. కాలక్రమంలో హినె పోయింది, హిమ్ ఒక్కటే మిగిలి రెండు పనులూ చేస్తోంది. అంటే ఈ రోజు మనం "కాల్డ్ హిమ్" అన్నప్పుడల్లా పలికేది పాత కు రూపమే. ప్రత్యయాలు అరిగిపోయే కొద్దీ కుర్చీలకు విలువ పెరిగింది. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే మేమంతా ఇంగ్లీషును ఇంకొంచెం దయగా చూసేవాళ్లం.

మాట్లాడటం నేర్చుకోవాలనుకునేవారికి ఇది కాదు. ఇక్కడ నోరు తిరగదు, గొంతు పోతుంది అంతే, అదీ మాస్టారుది. ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు వేరేచోట చూసుకోవాలి. రాతలో ఎక్కడ తప్పుతున్నామో తెలియక నలిగే నాలాంటి నడివయసు వాళ్లకు మాత్రం 1,800 ఎక్కువ కాదు. అయిదుకు నాలుగు ఇస్తున్నాను. తెగ్గొట్టిన ఆ ఒకటి కర్మణి వాక్యాల కోసం. ఫ్యాను గురించి కాదు, దానికి అలవాటు పడ్డాను.

చేరేవారికి నాలుగు మాటలు. ఫీజు రెండు విడతల్లో ఇస్తానంటే ఒప్పుకుంటారు, అడగాలి. స్కూటీ సందులో పెట్టనివ్వరు, కోట వైపు పెట్టి నడిచి రావాలి. ముందు రెండు వరసల్లో కూర్చోండి, వెనక ఫ్యాను తిరుగుతుంది గానీ అక్కడి నుంచి బల్ల కనబడదు. తాండ్ర మాస్టారు అడిగితే ఒకటి కాదు, రెండు ప్యాకెట్లు పట్టుకెళ్లండి. నేను పట్టుకెళ్లినది మూడో కుర్చీలోంచి పాఠం అయ్యేలోపే మాయమైంది. మిల్లు పెద్దాయన మీద నాకు అనుమానం.

జెరాక్స్ తీసుకునేముందు నాలుగో కాగితంలో పలాస దగ్గర చూడండి. ఇంకా అలాగే ఉంటే, మాస్టారుకు నా పేరు చెప్పండి.